మొదటి సిటింగ్‌కి వెళ్లే ముందు

ఆక్యుపంక్చర్ చేయించుకుందామా వద్దా అని తటపటాయించేవాళ్లు మొదట అడిగేది ఒకటే. "సూదులు గుచ్చుతారంట కదా, నొప్పెట్టదూ?" ఈ ప్రశ్నకి ముందే జవాబు చెప్పేసుకుంటే నయం. ఎందుకంటే జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి, సూది భయంలో పడి వాటిని ఎవరూ అడగరు.

ఇంజెక్షన్ సూది లోపల బోలుగా ఉంటుంది. అందులోంచి మందు వెళ్లాలి కాబట్టి మొనని ఏటవాలుగా కోసి పదును పెడతారు. అది చర్మాన్ని కోసుకుంటూ దిగుతుంది, పైగా మందు కండలోకి ఎక్కేటప్పుడు ఇంకో నొప్పి. ఆక్యుపంక్చర్ సూది నిండు స్టీలు తీగ. బోలు లేదు, మందు లేదు. మామూలుగా వాడేది పావు మిల్లీమీటరు మందం, అంగుళం నుంచి అంగుళంన్నర పొడవు. చేతికి వేసే ఇంజెక్షన్ సూది అర మిల్లీమీటరు పైనే ఉంటుంది. "వెంట్రుకంత సూదేనండీ" అని కొందరు ధైర్యం చెబుతారు కానీ అది అతిశయోక్తి, మన వెంట్రుక దానికన్నా బాగా సన్నం. అయినా ఇంజెక్షన్‌కి ఓర్చుకున్నవాళ్లెవరికైనా ఇది లెక్కలోది కాదు.

సూది ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వస్తుంది. గొట్టాన్ని చర్మం మీద నిలబెడితే సూది పిడి పైకి రవ్వంత పొడుచుకొచ్చి కనిపిస్తుంది. దాని మీద వేలితో టక్కున ఒక్క దెబ్బ. చాలామందికి తెలిసేది ఆ దెబ్బే, గుచ్చుకున్నట్టు తెలియదు. తర్వాత గొట్టం తీసేసి, సూదిని రెండు వేళ్లతో మెల్లగా తిప్పుతూ ఇంకొంచెం లోపలికి దింపుతారు. మీకు కొత్తగా అనిపించేది ఇక్కడే. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దిగువన, ఎముకకి బయటివైపు ఒక పాయింట్ ఉంది. చార్టుల్లో స్టమక్ 36 అని రాస్తారు, ఏ జబ్బుతో వెళ్లినా దాదాపు అందరికీ అక్కడ ఒక సూది పడుతుంది. అక్కడ సూది తిప్పినప్పుడు లోపల కండని ఎవరో పట్టుకున్నట్టు బరువుగా గుంజుతుంది, ఒక్కోసారి తిమ్మిరి పాదందాకా పాకుతుంది. చైనా వైద్యులు దీన్ని దే చీ అంటారు, ఇది రావాలనే చూస్తారు. కంగారు పడక్కర్లేదు, అర నిమిషంలో సర్దుకుంటుంది. మంటగానో, కరెంటు కొట్టినట్టో చురుక్కుమంటే మాత్రం అది రావాల్సింది కాదు. పళ్లు బిగించి ఓర్చుకోకుండా అప్పుడే చెప్పండి. సూదిని కొంచెం వెనక్కి లాగుతారు, పోతుంది.

సూది సంగతి అయింది. ఇక మొదటి అసలు ప్రశ్న, దేనికోసం వెళ్తున్నారు?

"ఒళ్లంతా బాగోలేదు, ఏదో ఒకటి చేయించుకుందాం" అని వెళ్తే గుణం కనిపించిందో లేదో మీకే తెలియదు. ఒక్క బాధ ఎంచుకోండి, అదీ ఆక్యుపంక్చర్‌కి కాస్తో కూస్తో రుజువులున్న బాధ. చాలాకాలంగా వేధిస్తున్న నడుం నొప్పి, మెడనొప్పి, అరిగిన మోకాళ్ల నొప్పి, పార్శ్వపు నొప్పి, తల చుట్టూ పట్టేసినట్టుండే తలనొప్పి, ఆపరేషన్ తర్వాతో కీమోథెరపీ తర్వాతో వచ్చే వికారం. జాబితా దాదాపు ఇంతే. షుగర్ నయమవుతుందని, కిడ్నీలో రాళ్లు కరుగుతాయని, క్యాన్సర్ గడ్డ పోతుందని బోర్డు మీద రాసుంటే ఆ మెట్లు ఎక్కొద్దు.

ఆ రుజువులు ఎంత గట్టివో కూడా తెలిసుండాలి. జర్మనీలో నడుం నొప్పితో బాధపడే 1162 మందిని మూడు గుంపులు చేసి చూశారు, 2007లో ఫలితాలు వచ్చాయి. మొదటి గుంపుకి శాస్త్రం చెప్పిన పాయింట్లలో సూదులు. రెండో గుంపుకి పాయింట్లు కాని చోట, పైపైన సూదులు. మూడో గుంపుకి మామూలుగా ఇచ్చే మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత మొదటి గుంపులో 47.6 శాతం మందికి, రెండో గుంపులో 44.2 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు కనిపించింది. మూడో గుంపులో 27.4 శాతమే.

ఈ అంకెల్ని సమర్థించేవాళ్లు ఒకలా, వెక్కిరించేవాళ్లు ఒకలా చదువుతారు. నాకు అర్థమైంది చెబుతాను. సూదులు వేయించుకున్నవాళ్లకి మేలు జరిగింది, అందులో సందేహం లేదు. ఆ సూది సరిగ్గా ఏ పాయింట్‌లో పడిందన్నది అనుకున్నంత పెద్ద విషయం కాలేదు. అరగంట కదలకుండా పడుకోవడం, ఒకరు మన నొప్పిని శ్రద్ధగా వినడం, తగ్గుతుందన్న నమ్మకం, సూది గుచ్చినప్పుడు నరాల్లో పుట్టే స్పందన, ఇవన్నీ కలిసి పనిచేసి ఉండొచ్చు. తర్వాత 2012లో 29 పరీక్షల్ని, దాదాపు 18 వేలమంది వివరాల్ని కలిపి చూసినప్పుడు అసలు సూదులకీ ఉత్తుత్తి సూదులకీ మధ్య తేడా ఉందనే తేలింది, కానీ చిన్నది. నొప్పి తగ్గడమే కావాల్సిన మనిషికి ఇది చాలు. అయితే "మీ కుడి కాలి మెరిడియన్‌లో, అంటే శక్తి పారే దారిలో, అడ్డంకి ఉంది, దాన్ని నేనొక్కణ్ణే తీయగలను" అనే మాట వినబడితే ఈ అంకెలు గుర్తు చేసుకోండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది ఇంకా చిక్కు. మన దేశానికి ఈ వైద్యం తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది డాక్టర్ విజయ్‌కుమార్ బసు పేరు. 1938లో చైనా వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో ఆయనొకరు, కోట్నీస్ ఇంకొకరు. కోట్నీస్ అక్కడే 1942లో చనిపోయారు. బసు తిరిగొచ్చి, 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లోనే దీనికి చట్టం చేయడం వెనక ఆ చరిత్ర ఉంది. తర్వాత మహారాష్ట్ర కూడా చట్టం చేసుకుంది. కేంద్రం 2003లో దీన్నొక చికిత్సా విధానంగా ఒప్పుకుని, 2019లో స్వతంత్ర వైద్య పద్ధతిగా గుర్తించింది. అయినా అన్ని రాష్ట్రాల్లోనూ దీనికి విడిగా చట్టం లేదు. అందువల్ల పేరు ముందు 'డాక్టర్' అని ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. ఐదారేళ్లు చదివినవాళ్లూ ఉన్నారు, వారాంతపు తరగతులకి వెళ్లొచ్చి బోర్డు కట్టినవాళ్లూ ఉన్నారు.

మొహమాటం లేకుండా అడగండి. ఎక్కడ చదివారు, ఎన్నాళ్లు చదివారు, ఏ కౌన్సిల్లో రిజిస్టర్ అయ్యారు? ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ డిగ్రీ చేసినవాళ్లకి ఆక్యుపంక్చర్ పాఠ్యాంశాల్లో ఉంటుంది. అల్లోపతి చదివి తర్వాత ఇది నేర్చుకున్నవాళ్లూ దొరుకుతారు. కొందరు ఫిజియోథెరపిస్టులు డ్రై నీడ్లింగ్ చేస్తారు. సూది అదే కానీ చైనా పాయింట్లతో పనిలేకుండా పట్టేసిన కండ ముడిలోనే గుచ్చుతారు, నొప్పి కొంచెం ఎక్కువ. సూదే లేకుండా వేలితో నొక్కేది ఆక్యుప్రెషర్, దాని గురించి కాదు నేను చెబుతున్నది.

ఇంకో ప్రశ్న సూదుల గురించే, కానీ నొప్పి గురించి కాదు. సూదులు ఒక్కసారి వాడి పారేసేవేనా? సీల్ ఉన్న ప్యాకెట్టు మీ కళ్లముందు చించాలి, దాని మీద గడువు తేదీ ఉండాలి. కొన్నిచోట్ల "మీ సూదులు మీకేనండీ, మీ పేరు రాసి సీసాలో పెడతాం" అని చాలా బాధ్యతగా చెబుతారు. వినడానికి బాగుంటుంది, ఒప్పుకోవద్దు. సీసాలు తారుమారైతే ఎవరి రక్తం ఎవరికి చేరుతుందో తెలియదు. హెపటైటిస్ బి, సి రెండూ సూదుల ద్వారా అంటుకునేవే. పెట్టెలో వందేసి సూదులొచ్చే ఈ రోజుల్లో అంత పొదుపు ఎవరికీ అక్కర్లేదు. గదిలోకి అడుగుపెట్టగానే ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉందేమో చూడండి, సూది గుచ్చుకుపోని గట్టి డబ్బా. వాడిన సూదులు అందులోనే వేయాలని 2016 నాటి బయో మెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. డబ్బా లేదంటే ఆ సూదులు చెత్తబుట్టలోకన్నా పోతున్నాయి, ఇంకొకరి ఒంట్లోకన్నా పోతున్నాయి.

వెళ్లే రోజు పరగడుపున వెళ్లొద్దు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు, ఏకాదశి ఉపవాసాలవాళ్లు ఆ రోజు అపాయింట్‌మెంట్ పెట్టుకోకండి. ఖాళీ కడుపుతో, భయంతో, నిద్ర చాలక వెళ్లినవాళ్లకే కళ్లు తిరుగుతాయి. గంటన్నర ముందు రెండు ఇడ్లీలు తింటే చాలు, విందు భోజనం చేసి బోర్లా పడుకోవడమూ కష్టమే. చాలాచోట్ల నాలుక చూస్తారు. దాని రంగు, మీద ఉన్న పూత చూసి వాళ్ల శాస్త్రం ప్రకారం అంచనా వేస్తారు. కాబట్టి ఆ పొద్దున నాలుకబద్ద జోలికి పోవద్దు, కాఫీ తాగితే నోరు పుక్కిలించి వెళ్లండి, కిళ్లీ అసలొద్దు. వదులుగా ఉండే బట్టలు వేసుకోండి, ప్యాంటు మోకాలి పైదాకా ముడవగలగాలి. చీర కట్టుకునేవాళ్లు ఒక నైటీ సంచిలో పెట్టుకెళ్తే హాయి. ఆడవాళ్లు తోడు ఒకరిని లోపలికి తీసుకెళ్తామని ముందే చెప్పొచ్చు. కాదంటే ఆ చోటు మీకు పనికిరాదు.

రోజూ వేసుకునే బిళ్లలు వేసుకునే వెళ్లండి. అడిగినా అడక్కపోయినా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తం పలచబడటానికి ఎసిట్రోమ్ లాంటివి వాడుతున్నారా, గర్భం ఉందా, ఉండే అవకాశం ఉందా, గుండెకి పేస్‌మేకర్ ఉందా, మూర్ఛ ఉందా. షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు ఆ మాట తప్పక చెప్పాలి, అక్కడ పుండు పడితే మీకు తెలియదు. గర్భిణులకి వేయకూడదని సంప్రదాయం చెప్పే పాయింట్లు కొన్ని ఉన్నాయి. పేస్‌మేకర్ ఉంటే సూదులకి కరెంటు తగిలించే పద్ధతి పనికిరాదు.

లోపల ముందు ప్రశ్నలు. నొప్పి ఎక్కడ అన్నదానితో ఆగవు. నిద్ర, ఆకలి, విరేచనం, చలి ఎక్కువా వేడి ఎక్కువా, నెలసరి, కోపం. నడుం నొప్పికి ఇవన్నీ ఎందుకని విసుక్కోకండి, అది వాళ్ల పద్ధతి. రెండు మణికట్లలోనూ మూడేసి వేళ్లు పెట్టి నాడి చూస్తారు. ఇవేవీ లేకుండా, పేరైనా అడగకుండా, వరసగా పడుకోబెట్టి అందరికీ అవే సూదులు దించుకుంటూ పోయే చోట్లు కూడా ఉన్నాయి.

మొదటిసారి కూర్చోబెట్టి వేస్తామంటే పడుకునే వేయించుకుంటానని అడగండి. ఎవరికైనా సూది పడ్డాక ఒళ్లు చల్లబడి చెమట్లు పట్టి, వికారంగా ఉండి, చెవులు గింగురుమనొచ్చు. "అమ్మా, ఎలా ఉంది, కళ్లు తిరుగుతున్నాయా?" అని మనిషి మనల్ని కనిపెట్టుకుని ఉండాలి. అలా అయితే సూదులన్నీ తీసేసి, కాళ్లు ఎత్తు మీద పెట్టి, తీయటి నీళ్లిస్తారు, పది నిమిషాల్లో మామూలవుతారు. పడుకుని ఉన్నవాళ్లు పడిపోయేదేమీ ఉండదు కదా.

ఐదారు నుంచి పదిహేను దాకా సూదులు పడతాయి, నడుం నొప్పికి చేతికీ కాలికీ కూడా వేస్తారు. ఇరవై నిమిషాలో అరగంటో అలా ఉంచేస్తారు. ఈలోగా చాలామందికి కునుకు పడుతుంది. కదిలితే మాత్రం సూది ఉన్న కండ బిగుసుకుని సలుపుతుంది, కాబట్టి దురద పెట్టినా పిలిచి చెప్పండి. ఒంటరిగా వదిలి వెళ్తే పిలవడానికి గంటో, కేకేస్తే వినబడేంత దూరమో ఉండాలి. ఫోన్ దూరంగా పెట్టేయండి. కొన్నిచోట్ల సూది పిడికి మండే మూలికని తగిలించో, చర్మానికి దగ్గరగా పట్టుకునో వేడి చూపిస్తారు, గది అంతా ఘాటు పొగ. దానికి వాడేది మన మాచిపత్రి జాతి మొక్కే. వినాయక చవితి పత్రిలో ముందు వచ్చేది మాచీపత్రమే కాబట్టి ఆ వాసన కొందరికి వెంటనే తడుతుంది. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లు అది వద్దనండి.

తీసేటప్పుడు నొప్పి ఉండదు. ఒకటి రెండు చోట్ల రక్తపు బొట్టు రావొచ్చు, దూదితో నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. సూదుల్ని వేసేటప్పుడు లెక్కపెట్టుకుని, తీసేటప్పుడు సరిచూసుకోండి. జుట్టులోనో చెవి వెనకో ఒకటి మిగిలిపోవడం అరుదేమీ కాదు. కాసేపు కూర్చుని నీళ్లు తాగి లేవండి. మత్తుగా అనిపిస్తే బండి నడపకుండా ఆటోలో వెళ్లండి. ఆ రాత్రి నొప్పి కొంచెం ఎక్కువైనట్టుండొచ్చు, ఒకచోట కమిలి నీలంగా కనిపించొచ్చు. జర్మనీలోనే 2 లక్షల 29 వేలమందిని గమనించి 2009లో వెలువరించిన లెక్కల్లో 8.6 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు, వాటిలో ఎక్కువ ఈ చిన్న రక్తస్రావాలు, కమిలిన మచ్చలే. ఊపిరితిత్తికి సూది తగిలింది ఇద్దరికి. అంత అరుదైనా తెలిసుండాలి. భుజం, మెడ కింద, వీపు పైభాగంలో సూదులు వేయించుకున్నాక ఊపిరి అందకపోయినా, శ్వాస తీస్తే ఛాతీలో పొడిచినట్టున్నా "సర్దుకుంటుందిలే" అనుకోవద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లి సూదులు వేయించుకున్న సంగతి చెప్పండి.

ఒక్క సిటింగ్‌కే లేచి పరుగెడతామని ఆశ పెట్టుకోకండి. అలాగని ఏళ్ల తరబడి తిరగాల్సిన పనీ లేదు. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 నుంచి పాత నడుం నొప్పికి 90 రోజుల్లో 12 సిటింగ్‌ల ఖర్చు భరిస్తోంది. గుణం కనిపిస్తే ఇంకో 8, లేదంటే ఆపేయమంటుంది. బ్రిటన్ మార్గదర్శకాల్లో పార్శ్వపు నొప్పికి ఐదు నుంచి ఎనిమిది వారాల్లో పది దాకా చెప్పారు. వాళ్ల డబ్బుకి వాళ్లు పెట్టుకున్న హద్దు మన డబ్బుకీ పనికొస్తుంది. ముప్పై సిటింగ్‌ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టేస్తే రాయితీ ఇస్తామంటారు. ఏ సిటింగ్‌కి ఆ సిటింగ్‌కే కడతానని చెప్పండి.

మా పిన్ని పార్శ్వపు నొప్పికి కొన్ని సిటింగ్‌లు అయ్యాక ఎలా ఉందని అడిగితే, "ఏమోనే, తగ్గినట్టే ఉంది, తగ్గనట్టే ఉంది" అంది. నిన్నటి నొప్పి ఎంతో ఇవాళ ఎవరికీ గుర్తుండదు. అందుకే మొదటి సిటింగ్‌కి రెండు వారాల ముందునుంచే క్యాలెండర్‌లో రాయడం మొదలుపెట్టండి. నొప్పికి పదికి ఎన్ని మార్కులు, ఆ రోజు ఎన్ని నొప్పి బిళ్లలు మింగారు, ఇంకా మీ పని ఏదన్నా ఒకటి: ఎన్ని మెట్లెక్కారు, ఎంతసేపు కూర్చోగలిగారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు. పిన్ని అలా రాయడం మొదలుపెట్టాక నెలకి వచ్చే తలనొప్పుల సంఖ్య తగ్గిందని, వచ్చినప్పటి తీవ్రత మాత్రం అలాగే ఉందని తేలింది. ఆవిడకి అది చాలనిపించింది, కొనసాగించింది. ఇంకొకరికి చాలకపోవచ్చు.

ఇక మొదట్లో దాటేసిన మాట. ఆ గదిలో మీకు నిజంగా హాని చేయగలిగింది సూది కాదు, ఒక వాక్యం: "ఇవాళ్టి నుంచి ఇంగ్లీషు మందులన్నీ మానేయండి." బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల, థైరాయిడ్, మూర్ఛ మందు, రక్తం పలచబడే మందు, ఇవి ఒక్కసారిగా ఆపితే పక్షవాతమో, ఫిట్సో రావొచ్చు. ఆ మాట అన్న మనిషి ఎంత మంచివాడైనా, చేయి ఎంత తేలికైనా, అక్కడితో లేచి వచ్చేయండి. నొప్పితో పాటు జ్వరం, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం పట్టు తప్పడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే అసలు ముందు వెళ్లాల్సింది ఇక్కడికి కాదు, ఆసుపత్రికి. స్కానింగ్ అయ్యాకే సూదుల ఆలోచన.

ఆరు సిటింగ్‌లు అయ్యాక క్యాలెండర్ తీసి చూడండి. అంకెలు కదలకపోతే "నాకు దీనివల్ల గుణం కనిపించలేదండీ, ఆపేస్తాను" అని నేరుగా చెప్పేయండి. మంచి ప్రాక్టీషనర్ అయితే పాయింట్లు మార్చి ఇంకో రెండు చూద్దామనో, మీకిది పడలేదనో అంటారు. "మీకు నమ్మకం లేదు, అందుకే తగ్గలేదు" అంటే వాదించకుండా డబ్బులిచ్చి వచ్చేయండి. అంకెలు తగ్గితే అదే క్యాలెండర్‌ని మీ ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. నొప్పి బిళ్లలు ఎన్ని తగ్గించుకోవచ్చో దాన్ని చూసి ఆయన చెబుతారు.